జిల్లా వరద ప్రణాళికలో ప్రజలను ఎలా కలుపుకోవాలి? గ్రామసభ తీర్మానాలు సరిపోతాయా?

మీరు అడిగింది ఇదీ: మీ సంస్థ కొల్లేరు చుట్టుపక్కల మండలాలకు వరద ప్రణాళిక తయారుచేస్తోంది. అందులో 'ప్రజల భాగస్వామ్యం' అనే అధ్యాయం మీకు అప్పగించారు. ప్రతి పంచాయతీలో గ్రామసభ పెట్టించి, తీర్మానం కాపీ, సంతకాలు జతచేస్తే చాలని పైవాళ్లు అంటున్నారు. అది సరిపోతుందా? అసలు ఇంజినీర్లు తేల్చాల్సిన మురుగు కాలువల (పొలాల్లో, ఊళ్లలో నిలిచిన నీళ్లను బయటకు పంపే డ్రైన్ల) లెక్కల్లో ఊరివాళ్లు చెప్పేది ఏముంటుంది?

సూటిగా చెబుతాను. సరిపోదు. గ్రామసభ పెట్టాల్సిందే, కానీ అక్కడితో ఆగితే మీ ప్రణాళిక ప్రతి ఊరి కోరికల చిట్టాగా మిగులుతుంది. ఒక ఊరివాళ్లు గట్టు ఎత్తు పెంచమంటారు, పక్క ఊరివాళ్లు తూము వెడల్పు చేయమంటారు. రెండూ చేస్తే మూడో ఊరు మునుగుతుంది. ఆ మూడో ఊరి గ్రామసభ అప్పటికే అయిపోయి ఉంటుంది.

ఊళ్లను విడివిడిగా అడగడంతో సరిపెట్టకండి. ఒకే కాలువ మీద ఉన్న ఊళ్లను, ఎగువవాళ్లనీ దిగువవాళ్లనీ కలిపి, ఒకచోట కూర్చోబెట్టండి. అదీ డిజైన్లు గీయకముందు. మిగతా పద్ధతులన్నీ దీని తర్వాతే. నేను కోస్తా జిల్లాల్లో స్వచ్ఛంద సంస్థల తరఫున ఊళ్లలో విపత్తు ప్రణాళికలు రాసే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఈ ఒక్క అడుగు వేసిన చోట ప్రణాళిక పనికొచ్చింది. వేయని చోట బీరువాలోకి వెళ్లింది.

ఎందుకో మీ ప్రాంతం ఉదాహరణతోనే చెబుతాను. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన వానకు విజయవాడ మీదుగా పారే బుడమేరు వాగు పొంగింది. ఎగువ నీళ్లను వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలపడానికి డైవర్షన్ కాలువ ఉంది. కానీ అదే సమయంలో కృష్ణ కూడా నిండుగా ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి, అంతకుముందెన్నడూ అంత వరద రాలేదు. నదే అంత ఎత్తున ఉంటే కాలువ నీళ్లు అందులోకి ఎలా దిగుతాయి? డైవర్షన్ కాలువ ఎడమ గట్టుకు గండ్లు పడ్డాయి. విజయవాడలో సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ నీళ్లు అక్కడితో ఆగవు కదా. పాత బుడమేరు దారిలో నందివాడ వైపు, అక్కడి నుంచి కొల్లేరుకు చేరాయి. కొల్లేరు నుంచి సముద్రానికి వెళ్లే దారి ఉప్పుటేరు ఒక్కటే. తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, డెల్టా డ్రైన్లు తెచ్చే నీళ్లు కూడా ఆ ఒక్క దారి కోసమే ఎదురుచూస్తాయి. నగరంలో నీళ్లు తీశాక టీవీలవాళ్లు వెళ్లిపోయారు. అప్పుడు కొల్లేటి లంకల్లో పెదయడ్లగాడి వంతెన దగ్గర నీటిమట్టం ఎంతుందో చూసుకుంటూ జనం టెన్షన్ పడుతున్నారు.

ఇప్పుడు పరిపాలన పటం చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పెరిగాక ఈ ఒక్క నీటి దారి నాలుగు జిల్లాల్లోకి వచ్చింది. వెలగలేరు, విజయవాడ ఎన్టీఆర్ జిల్లా. నందివాడ కృష్ణా. కైకలూరు ఏలూరు. ఆకివీడు పశ్చిమగోదావరి. నలుగురు కలెక్టర్లు, నాలుగు జిల్లా విపత్తు ప్రణాళికలు. వెలగలేరు రైతు, సింగ్‌నగర్ అద్దె ఇంటి మనిషి, కొల్లేటి లంక మత్స్యకారుడు, ఆకివీడు చెరువు రైతు ఎప్పుడైనా ఒక గదిలో కూర్చున్నారా? వీళ్లలో ప్రతి ఒక్కరి బాధకూ కారణం కొంత పక్కవాడి పరిష్కారంలో ఉంది. సాగునీటి విషయంలో 1997 చట్టం కాలువల వారీగా నీటి వినియోగదారుల సంఘాలు పెట్టింది కాబట్టి పై తూము, కింది తూము రైతులు కనీసం వాదించుకోవడానికైనా ఒక వేదిక ఉంది. మురుగునీటికి అలాంటిది నేను పనిచేసిన చోట్ల కనిపించలేదు. మీ ప్రణాళిక మొదట కట్టాల్సింది ఆ వేదికనే.

అలాంటి సభ ఎలా నడుస్తుందో చెబుతాను. ముందు కాలువ వెంట నడవాలి. చివర నుంచి మొదటికి నడవండి, అంటే సముద్రం వైపు నుంచి ఎగువకు. ఎగువ నుంచి మొదలుపెడితే రోడ్డు పక్క ఊళ్లు, పలుకుబడి ఉన్నవాళ్లు మొదటి రోజే మీ నోట్‌బుక్ నింపేస్తారు. చివరి ఊళ్లకు చేరేసరికి మీకు ఓపిక ఉండదు, వాహనం వెళ్లే దారీ ఉండదు. మీతోపాటు డ్రైనేజీ అసిస్టెంట్ ఇంజినీరు ఒకరు, వీలైతే కాలువల తలుపులు చూసుకునే పాత లస్కర్ ఒకరు ఉండాలి. రిటైరైన లస్కర్‌ను వెతికి పట్టుకోండి. ఏ తలుపు ఏ సంవత్సరం నుంచి తిరగడం లేదో, ఏ గట్టుకు ఎవరు రాత్రిపూట గండి కొడతారో అతనికి తెలుసు.

గోదావరి డెల్టాలో ఒక డ్రైను మీద మేము ఇలాగే చేశాం. ఎగువ ఊళ్లన్నీ ఒకే మాట మీద ఉన్నాయి: వర్షం పడితే వరి నాలుగైదు రోజులు మునుగుతోంది, డ్రైను వెడల్పు చేయండి. అంచనాలు కూడా అలాగే తయారవుతున్నాయి. దిగువ ఊళ్లకు వెళ్తే వేరే సంగతి తెలిసింది. డ్రైను సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసి ఉంది. పోటు సమయంలో ఉప్పునీళ్లు వెనక్కి తన్నకుండా ఆపే తలుపులు తుప్పుపట్టి సగంలో ఇరుక్కుపోయాయి. పైన వెడల్పు చేస్తే ఆ నీళ్లు వేగంగా వచ్చి మా పొలాల మీద నిలబడతాయి, దిగే దారి మాత్రం అంతే ఉంటుంది అని వాళ్లు భయపడ్డారు. రెండు వైపుల వాళ్లనూ మొగ దగ్గరికే తీసుకెళ్లి నిలబెట్టాం. ఆటు సమయంలో నీళ్లు ఎంత సేపు దిగుతున్నాయో, పోటు మొదలవగానే ఎలా ఆగిపోతున్నాయో ఎగువ రైతులు కళ్లారా చూశారు. ముందు మొగ తీయడం, తలుపులు మార్చడం, తర్వాతే పైన తవ్వకం అనే వరుసకు వాళ్లే ఒప్పుకున్నారు. పనులు అవే, ఖర్చూ దాదాపు అదే. మారింది వరుస ఒక్కటే. గ్రామసభలు విడివిడిగా పెట్టి ఉంటే ఈ వరుస బయటకు వచ్చేది కాదు, ఎందుకంటే ప్రతి ఊరు తన ముందున్న కాలువ ముక్క గురించే చెబుతుంది.

పెద్ద సభకు ఊరికి ఎవరెవరు రావాలనేది కూడా ముందే తేల్చుకోండి. సర్పంచ్ వస్తారు, సరే. ఆయనతోపాటు పల్లపు పొలం సాగుచేసే కౌలు రైతు ఒకరు, డ్వాక్రా సంఘం నుంచి ఒకరు, చేపల వేట మీద బతికేవాళ్లు ఉంటే వాళ్లలో ఒకరు, ఊళ్లో అన్నిటికంటే ముందు మునిగే పేట నుంచి ఒకరు తప్పనిసరి. మా అనుభవంలో ముందు మునిగేది చాలాచోట్ల దళితవాడో, గట్టు కింద గుడిసెలో. అక్కడి మనిషి ఊరి పెద్దల ముందు నోరు విప్పకపోవచ్చు. అందుకే పెద్ద సభకు ముందు ఆ పేటలోనే సాయంత్రం ఒక చిన్న సమావేశం పెట్టి, వాళ్లు చెప్పింది రాసుకుని, పెద్ద సభలో మీరే చదవండి.

ఇక మీ రెండో సందేహం, జనానికి సాంకేతిక విషయాలు ఏం తెలుస్తాయని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే దీనికి మంచి జవాబు ఉంది. 2003 తర్వాత కొన్నేళ్లపాటు కడప, అనంతపురం, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని 638 ఊళ్లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో భూగర్భజలాల పథకం ఒకటి నడిచింది. రైతులే వానమాపకం చూసి రాసేవాళ్లు, బోర్లలో నీటిమట్టం కొలిచేవాళ్లు, ఒక బోరు ఎంత నీరు పోస్తోందో లెక్కగట్టేవాళ్లు. రబీకి ముందు అందరూ కూర్చుని, నేలలో ఎంత నీరుంది, అనుకున్న పంటలన్నీ వేస్తే ఎంత కావాలి అని నీటి బడ్జెట్ వేసుకునేవాళ్లు. చాలామంది ఆ లెక్క చూసి వరి తగ్గించుకున్నారు. ఎవరూ ఎవరినీ నిర్బంధించలేదు. ఇందులో మీకు పనికొచ్చే విషయం ఇంకొకటి ఉంది. ఊరి సంఘాలతో ఆగకుండా, ఒకే వాగు పరీవాహకంలోని ఊళ్లన్నిటినీ కలిపి పై స్థాయి సంఘం పెట్టారు. కరువు ప్రాంతంలో అది సాధ్యమైతే డెల్టాలో ఎందుకు కాదు?

అయితే జనానికి అన్నీ తెలుసని కూడా నేను అనను. వాళ్లకు బాగా తెలిసినవి కొన్ని ఉన్నాయి: నీళ్లు ఏ దారిన వచ్చాయి, ఎంత ఎత్తు వచ్చాయి, ఎన్ని రోజులు నిలిచాయి, ఏ ఇల్లు ముందు, ఏ ఇల్లు తర్వాత. గోదావరి లంకల్లో ఇప్పటికీ 86 వరద అంటే ఏ గోడ మీద ఎంతవరకు వచ్చిందో వేలు పెట్టి చూపిస్తారు. 1986లో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు అని మీ రిపోర్టులో ఉంటుంది. ఆ అంకె ఒక ఫలానా లంకలో ఏ అరుగు దాకా అనేది మాత్రం వాళ్ల దగ్గరే ఉంటుంది.

వాళ్లకు తెలియనిది, ఇంతవరకు రానిది. ఇప్పటిదాకా చూసిన పెద్ద వరదే హద్దు అనుకుంటారు. కొత్తగా వచ్చి స్థిరపడినవాళ్లకు ఆ పాత జ్ఞాపకం కూడా ఉండదు. విజయవాడలో 2005లో బుడమేరు ముంచింది. కానీ 2024లో మునిగిన కాలనీల్లో ఆ తర్వాత వచ్చి అద్దెకు ఉంటున్న కుటుంబాలు ఎన్నో. తాము ఉంటున్నది ఏటి దారి అని వాళ్లలో చాలామందికి తెలియదు. అందుకే సభలో మాట రెండు వైపులా నడవాలి. వాళ్ల జ్ఞాపకం మీరు తీసుకోవాలి, మీ దగ్గరున్న ఎత్తుల పటం, వర్షం లెక్కలు వాళ్లకు అర్థమయ్యేలా చూపించాలి. మేము నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం వేయిస్తాం. ఆడవాళ్లు వేస్తే పటం వివరంగా వస్తుంది: మంచినీళ్ల పంపు, బాలింతలు ఉన్న ఇళ్లు, నడవలేని ముసలివాళ్లు ఎక్కడున్నారు, అన్నీ పెడతారు. తర్వాత అదే పటం పక్కన కాంటూరు పటం (నేల ఎత్తుపల్లాలు చూపేది) పెట్టి చూపిస్తే ఎక్కడ తేడా ఉందో వాళ్లే పట్టుకుంటారు. కొత్తగా వేసిన రోడ్డు నీటికి అడ్డుకట్ట అయిన సంగతి పాత పటంలో ఉండదు, వాళ్ల ముగ్గులో ఉంటుంది.

హెచ్చరికల విషయంలోనూ ఇంతే. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. టీవీలో ఇది విని లంకలో మనిషి ఏం చేయాలి? ప్రతి లంకకూ ఒక పట్టిక రాయండి: ఇన్ని లక్షలు దాటితే రేవు మెట్లు మునుగుతాయి, ఇన్ని దాటితే కాజ్‌వే మీద నడక బంద్, ఇన్ని దాటితే పశువులను గట్టు మీదికి తోలాలి. ఈ పట్టిక కంప్యూటర్ మోడల్ నుంచి రాదు. పడవ నడిపేవాళ్లు, పాడి రైతులు కూర్చుని గంటసేపట్లో చెప్పేస్తారు, తర్వాతి వరదలో సరిచూసుకుంటారు.

జిల్లా సరిహద్దుల గొడవకు లంకల్లోనే మరో ఉదాహరణ ఉంది. కనకాయలంక పశ్చిమగోదావరి జిల్లా యలమంచిలి మండలంలో ఉంది. దాని కాజ్‌వే మాత్రం కోనసీమ వైపు చాకలిపాలెం దగ్గరికి చేరుతుంది. గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ ముందు మునిగేవాటిలో ఆ కాజ్‌వే ఒకటి. కాగితం మీద ఒక జిల్లా, కాలినడకన మరో జిల్లా. ఇలాంటి ఊళ్లకు పడవలు ఎవరు పెట్టాలి, గర్భిణిని ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి అనేది రెండు జిల్లాల ప్రణాళికల్లోనూ ఒకేలా రాసి ఉండాలి. మీ పరిధిలో ఇలాంటి ఊళ్లు ఉన్నాయేమో మొదటి వారంలోనే వెతకండి.

ఇప్పుడు అందరూ తప్పించుకునే విషయం. నీళ్లు ఎక్కడో ఒకచోట నిలవాలి. ఎవరి భూమి మీద?

ప్రజల భాగస్వామ్యం అనేది నిజంగా పరీక్షకు నిలిచేది ఇక్కడే. మంచినీళ్ల పంపు ఎక్కడ పెట్టాలి అని అడగడం సులువు. వరద వస్తే ఏ గట్టు తెరుస్తాం, ఎవరి చెరువు మునుగుతుంది, వాళ్లకు ఏమిస్తాం అని అడగడం కష్టం. అడగకపోతే ఏమవుతుందో డెల్టాలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి ఒక ఊరివాళ్లు వచ్చి గండి కొడతారు, అవతలి ఊరివాళ్లు కర్రలతో గట్టు మీద కాపలా కాస్తారు. ప్రణాళిక లేని చోట జరిగేది అదే. కాబట్టి ఆ నిర్ణయం ఎండాకాలంలో, అందరూ శాంతంగా ఉన్నప్పుడు, పరిహారం సహా రాతపూర్వకంగా తేలిపోవాలి.

నెదర్లాండ్స్‌లో ఓవర్‌డీప్ పోల్డర్ (పోల్డర్ అంటే చుట్టూ గట్లున్న పల్లపు భూమి) అనే చోట ఇది చేసి చూపించారు. వరద వస్తే నదికి చోటివ్వడం కోసం ఆ పొలాలను అవసరమైనప్పుడు ముంచేలా గట్టు తగ్గించాలని ప్రభుత్వం అనుకుంది. అక్కడున్న 17 వ్యవసాయ కుటుంబాలు కోర్టుకెళ్లి అడ్డుకోవడానికి బదులు తామే ప్రత్యామ్నాయం తయారుచేశాయి. కొత్త గట్టును ఆనుకుని ఎత్తైన మట్టి దిబ్బలు కట్టండి, ఇళ్లు, పశువుల పాకలు వాటి మీదికి మారుస్తాం, పొలాల్లోకి అప్పుడప్పుడు నీళ్లు వస్తే రానివ్వండి అన్నారు. ప్రభుత్వం ఒప్పుకుంది. దాదాపు సగం కుటుంబాలు దిబ్బల మీద ఉండిపోయాయి, మిగతావాళ్లు పరిహారం తీసుకుని వేరే చోటికి వెళ్లారు. వాళ్లకు డబ్బుంది, మనకు లేదు అని మీవాళ్లు అనవచ్చు. అది నిజమే, కానీ నేను ఈ ఉదాహరణ చెప్పేది డబ్బు కోసం కాదు. 'మీ భూమి మునగాలి' అన్న మాట ముందే, ముఖం మీద చెప్పారు. ప్రత్యామ్నాయం ఆలోచించుకోవడానికి టైమ్ ఇచ్చారు. ఆ రెండూ మనమూ చేయగలం.

కొల్లేరు సంగతి మీకు తెలిసిందే. 1999లో 120 నంబరు జీవోతో +5 కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు) వరకు అభయారణ్యం ప్రకటించారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. ఆ తర్వాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. సరస్సు బతకాలి, నీళ్లకు దారి ఉండాలి, ఇందులో నాకు సందేహం లేదు. కానీ చెరువు పోతే రేపు ఏం తినాలి అన్న ప్రశ్నకు లంక కుటుంబాలకు నిలకడైన జవాబు దొరకలేదు. పెద్ద పెట్టుబడిదారు, సొసైటీలో వాటా ఉన్న మత్స్యకారుడు, చెరువు మీద కూలికి వెళ్లే మనిషి, ఈ ముగ్గురినీ ఒకే 'ఆక్రమణదారు' మాట కింద కట్టేస్తే ఏ ప్రణాళికా నిలవదు. మీరు అక్కడ పనిచేసేటప్పుడు ఈ ముగ్గురితో వేర్వేరుగా మాట్లాడండి. ఊరి తరఫున అంటూ గట్టిగా మాట్లాడే మనిషికి ఎన్ని ఎకరాల చెరువులున్నాయో ముందే తెలుసుకోండి. ఆయన మాట వినొద్దని కాదు, అది ఊరందరి మాటగా రాయొద్దని.

సమయం గురించి ఒక్క మాట, ఎందుకంటే చాలా సభలు ఇక్కడే చెడిపోతాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం. మత్స్యకార గ్రామాల్లో మగవాళ్లు ఇళ్ల దగ్గర ఉండేది అప్పుడే. తీరప్రాంత ఊళ్లకు సభలు ఆ రెండు నెలల్లో పెట్టండి. డెల్టా రైతులకు మాత్రం అది ఆలస్యం. దాళ్వా (రబీ వరి) అయ్యాక కాలువలు కట్టేసిన కొద్ది వారాల్లోనే తూముల పని, పూడికతీత జరగాలి. అంటే జనవరి, ఫిబ్రవరికల్లా ఏ పని ముందో తేలిపోవాలి, లేకపోతే టెండర్లు అయ్యేసరికి సార్వాకి (ఖరీఫ్‌కి) నీళ్లు వదిలేస్తారు, పని మరో ఏడాదికి పోతుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతోపాటు మురుగు కాలువల గోడు కూడా వినిపించింది. ఏటా చెప్పి చెప్పి విసిగిపోయినవాళ్లు అలా సాగే మానేస్తారు.

తుపానుల విషయానికొస్తే, మీ పరిధిలో అది చిన్న భాగం కాబట్టి ఎక్కువ రాయను. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానాన్ని పడగొట్టాక అక్కడి ఊళ్లలో పనిచేశాం. మేము అనుకున్నది తుపాను షెల్టర్ల గురించి మాట్లాడతారని. వాళ్లు అడిగింది చెట్లు కోసే మిషన్లు. కొబ్బరి, జీడి చెట్లు కూలి ప్రతి దారీ మూసుకుపోయింది, కరెంటు లేక రక్షిత మంచినీటి ట్యాంకు ఎక్కలేదు. ఊరికి రెండు మిషన్ రంపాలు, ట్యాంకుకు జనరేటర్ ఉంటే మొదటి మూడు రోజులు మేమే చూసుకుంటాం అన్నారు. ఎంత తక్కువ ఖర్చు! షెల్టర్ల గురించి ఆడవాళ్లను అడిగితే రెండే మాటలు: తాళం ఎవరి దగ్గర ఉంటుంది, మరుగుదొడ్లో నీళ్లు వస్తాయా. ఈ రెండు మాటలకు జవాబు లేని షెల్టరు రాత్రిపూట ఖాళీగా ఉంటుంది. రోజూ బడిగానో, అంగన్‌వాడీగానో వాడుతున్న షెల్టర్లే నేను చూసినంతవరకు మంచి స్థితిలో ఉన్నాయి.

జనాన్ని అడగకూడనివి కూడా ఉన్నాయి. ఊరు ఖాళీ చేయాలా వద్దా అనేది ఓటుకు పెట్టే విషయం కాదు, కలెక్టరు ఆదేశం ఇస్తే కదలాలి. ఏ దారిన కదలాలి, పశువులేం చేయాలి, ఎవరిని ఎవరు మోసుకెళ్లాలి అనేవి మాత్రం ముందే అడిగి రాసుకోవాలి. గట్టు ఎంత బలంగా ఉండాలి, రెగ్యులేటర్ ఎంత నీటిని తట్టుకోవాలి అనే లెక్క ఇంజినీరుదే. దాన్ని గ్రామసభ ఆమోదం పేరుతో తగ్గించకూడదు. ఇంకొకటి: ఇళ్లు ఖాళీ చేయించాలని ముందే నిర్ణయమైపోయి ఉంటే, దానికి 'ప్రజల భాగస్వామ్యం' ముసుగు వేయవద్దు. ఒక చోట అధికారులు అలాగే చేశారు. వరద రక్షణ సమావేశం అని పిలిచి ఖాళీ చేసే కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో తర్వాత నిజంగా హెచ్చరిక చెప్పడానికి వెళ్లినవాళ్లను కూడా ఎవరూ నమ్మలేదు. ఒకసారి పోయిన నమ్మకం ప్రాణాల మీదికి తెస్తుంది.

మీ పైవాళ్లను ఒప్పించడానికి చట్టం మాట కావాలంటే, 2005 విపత్తు నిర్వహణ చట్టం 31వ సెక్షన్ చూపించండి. జిల్లా ప్రణాళికను స్థానిక సంస్థలతో సంప్రదించాకే తయారుచేయాలని, ఏటా సమీక్షించి మార్చాలని అందులో ఉంది. 25వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ అథారిటీకి కలెక్టరు చైర్మన్ అయితే, జిల్లా పరిషత్ చైర్మన్ సహ చైర్మన్. ఈ రెండో కుర్చీని మా జిల్లాల్లో ఎక్కువగా ఎవరూ వాడుకోరు. కాలువ సభ నిర్ణయాలను ఆ కుర్చీ ద్వారా పైకి పంపండి, బరువు పెరుగుతుంది. జిల్లాల మధ్య తేలనివి రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థకు వెళ్లాలి. మీ నివేదికలో నాలుగు జిల్లాల ఉమ్మడి కమిటీని స్పష్టంగా అడగండి.

డబ్బు లేదంటారు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధుల్లో 20 శాతాన్ని నష్టం జరగకముందే తగ్గించే పనుల కోసం విడిగా పెట్టమంది. అంటే విపత్తు నిధి అనగానే పరిహారాలు, పులిహోర పొట్లాలు మాత్రమే కాదని ఇప్పటికే ఒప్పుకున్న సూత్రం. మొగ తీయడం, తలుపులు మార్చడం లాంటివి ఆ తరహా పనులే. ఊరి లోపలి చిన్న పనులు పంచాయతీ వార్షిక ప్రణాళికలో పెట్టించండి. సభలో తేలినదాన్ని పంచాయతీ ప్రణాళికలోకి ఎక్కించకపోతే ఆ ఏడాది దానికి పైసా రాదు.

ఇక సంతకాల సంగతి. తీసుకోండి, కానీ హాజరుకు మాత్రమే. దాంతోపాటు ఒక్కో సభకూ ఒక పేజీ రాయండి: ఎవరు ఏం అడిగారు, ఎవరు ఎందుకు ఒప్పుకోలేదు. అభ్యంతరాలు తీసేసి 'అందరూ ఏకగ్రీవంగా' అని రాయొద్దు. ఇంజినీర్ల నిర్ణయం వచ్చాక మళ్లీ అదే ఊళ్లకు వెళ్లి మూడు వరుసల కాగితం సచివాలయం బోర్డు మీద అంటించండి: మీరు అడిగినవాటిలో చేస్తున్నది, చేయనిది, ఎందుకు చేయడం లేదో. రెండోసారి వెళ్లడం తప్పనిసరి. దీనికి మీ బడ్జెట్‌లో ఇప్పుడే రోజులు, వాహనం ఖర్చు పెట్టించుకోండి. తర్వాత అడిగితే ఇవ్వరు. కాదన్నందుకు జనం కోప్పడతారని మీవాళ్లు భయపడతారు. నేను చూసినంతవరకు, కారణం చెప్పి కాదంటే వాదిస్తారు, మర్నాడు మళ్లీ వచ్చి మాట్లాడతారు. ఏ జవాబూ లేకపోతేనే తర్వాతి సభకు రావడం మానేస్తారు.

మీ పరిధిలోకి ఏయే డ్రైన్లు వస్తాయో, అవి ఏయే మండలాల గుండా వెళ్తాయో ఇక్కడ రాయండి. ఏ ఊళ్లను ఏ సభలో కలపాలో చూసి చెబుతాను.